పాత వైన్ సీసా విప్పే రాత్రి ఏం వండాలి? గోదారి ఇళ్ల కోసం

మా బావగారు లండన్ నుంచి వస్తూ తెచ్చిన ఎర్ర వైన్ సీసా ఒకటి మా ఇంట్లో బీరువాలో, బట్టల వెనక, ఎనిమిదేళ్లు ఉంది. "పాతబడే కొద్దీ బాగుంటుంది" అని ఆయన అన్నారని ఎవరం ముట్టుకోలేదు. ఒక ఆగస్టులో మంచి పులస దొరికింది. రెండూ గొప్పవే కదా, కలిపేద్దాం అనుకున్నాం. పులుసు అన్నంలో కలుపుకుని తిని, వైన్ ఒక గుక్క తాగి మా పిన్ని మొహం చిట్లించింది. "ఇదేంట్రా, ఇనప మూకుడు నాకినట్టుంది!"

వైనూ పోయింది, పులసా పోయింది. తప్పు ఆ రెండిట్లో దేనిదీ కాదు, నాదే. ఎనిమిది వేసవులు బీరువాలో ఉడకబెట్టడం ఒకటి. మడ్డి తేరనివ్వకుండా వంచేయడం ఇంకొకటి. అన్నిటికన్నా పెద్దది, చింతపండు పులుసు పక్కన పెట్టడం. ఆ తర్వాత కొన్ని సీసాలు పాడుచేసుకుని, కొన్ని బాగు చేసుకుని నేర్చుకున్నదే ఈ పద్ధతి.

ముందు సీసా సంగతి చూడండి

చాలామంది అనుకునేది తప్పు. ప్రతి వైనూ పాతబడితే బాగుపడదు. అంగళ్లలో దొరికే వాటిలో ఎక్కువ భాగం కొన్న రెండు మూడేళ్లలో తాగేయడానికే చేసినవి. దాచుకోదగ్గ వైన్‌లో మూడు గుణాల్లో ఏదో ఒకటి, వీలైతే రెండు, గట్టిగా ఉండాలి: పులుపు, వగరు, తీపి. ఎర్ర వైన్‌లో వగరు ద్రాక్ష తొక్క నుంచీ గింజ నుంచీ వస్తుంది. నేరేడు పళ్లు తిన్నాక చిగుళ్లు పట్టేసినట్టు ఉంటుందే, అదే. ఏళ్లు గడిచే కొద్దీ ఆ వగరు పదార్థాలు ఒకదానికొకటి అతుక్కుని బరువెక్కి అడుక్కి దిగుతాయి. అందుకే పాత వైన్ నాలుక మీద మెత్తగా ఉంటుంది, అందుకే సీసా అడుగున మడ్డి ఉంటుంది. పండు వాసన తగ్గి వేరే వాసనలు వస్తాయి. పులుపు మాత్రం ఎక్కడికీ పోదు. వంట దగ్గర ఈ ముక్క పనికొస్తుంది, గుర్తుంచుకోండి.

లేబుల్ మీద సంవత్సరం ఉంటే అది ద్రాక్ష కోసిన ఏడాది. సీసాలో నింపిన ఏడాది కాదు, మీరు కొన్నదీ కాదు.

నన్నడిగితే, మన డెల్టాలో వైన్‌ని మనం పాతబెట్టే పని పెట్టుకోకూడదు. పాతబెట్టి అమ్మేవాటినే కొనుక్కోవాలి. స్పెయిన్‌లో రియోహా ప్రాంతపు ఎర్ర వైన్ మీద 'గ్రాన్ రిజర్వా' అని ఉంటే, చేసినవాళ్లే దాన్ని కనీసం ఐదేళ్లు తమ చల్లని నేలమాళిగల్లో ఉంచి అమ్మకానికి వదిలారని అర్థం. అందులో రెండేళ్లయినా ఓక్ చెక్క పీపాలో ఉండాలి. పోర్చుగల్ నుంచి వచ్చే టానీ పోర్ట్ అనే తియ్యని, బలమైన వైన్ సీసా మీద 10, 20 అని అంకెలుంటాయి, అవి పీపాల్లో పాతబడిన ఏళ్ల ఉజ్జాయింపు లెక్క. జర్మనీలో మోసెల్ లోయలో రీస్లింగ్ ద్రాక్షతో చేసే తెల్ల వైన్, అందులో 'ష్పేట్‌లేజే' రకం, పదేళ్లు తేలిగ్గా ఆగుతుంది. మన దేశపు వాటిలో ఫ్రాటెల్లీ సెట్టే, గ్రోవర్ లా రిజర్వ్ లాంటివి జాగ్రత్తగా దాస్తే కొన్నేళ్లు నిలుస్తాయి. విదేశం నుంచి వచ్చే చుట్టాలని అడిగితే ఒక్కొక్కరు రెండు లీటర్ల దాకా సుంకం లేకుండా తేవచ్చు, అంటే రెండు సీసాలు. యానాం నుంచి తెచ్చుకుందామనుకునేవాళ్లు అది పుదుచ్చేరి కిందకి వస్తుందని మరవకండి. సరిహద్దు దాటించే ముందు నియమం కనుక్కోండి.

ఎక్కడ పెట్టాలి

వైన్‌కి నచ్చే చలి 12 నుంచి 14 డిగ్రీలు. మేలో రాజమండ్రిలోనో అమలాపురంలోనో ఇంట్లో బీరువా వేడి ఎంత ఉంటుందో మీకు నేను చెప్పాలా! అటక అసలు వద్దు, ఇంట్లో అన్నిటికన్నా వేడి చోటు అదే. వంటింటి అలమర కూడా వద్దు. ప్రత్యేకంగా వైన్ ఫ్రిజ్ ఉంటే సరే, లేకపోతే మామూలు ఫ్రిజ్‌లో కింద కూరగాయల అరలో అడ్డంగా పడుకోబెట్టండి. కొన్ని నెలలకి ఏమీ కాదు. అడ్డంగా ఎందుకంటే బిరడా తడిగా ఉండాలి, ఎండితే కుంచించుకుపోయి గాలి లోపలికి పోతుంది. టానీ పోర్ట్, మదీరా లాంటి బలమైన వైన్లు మాత్రం నిలబెట్టే ఉంచాలి.

ఎండదెబ్బ తిన్న సీసాని విప్పకుండానే గుర్తుపట్టొచ్చు. బిరడా కొద్దిగా పైకి లేచి ఉంటుంది, మూతి దగ్గర కారిన జిగురు మరక ఉంటుంది, మెడలో వైన్ మట్టం కిందికి దిగి ఉంటుంది. మూడూ ఉంటే ఆశ వదులుకుని, అతిథులు రాకముందే విప్పి చూడండి. ఉడికిన జామ్ వాసన వస్తే ఆ పూటకి మజ్జిగ చాలు.

రెండు రోజుల ముందు

మడ్డి ఉండే ఎర్ర వైన్ అయితే సీసాని రెండు రోజుల ముందే నిలబెట్టండి. ఫ్రిజ్‌లో వెనక వైపు పెట్టండి, తలుపుకి వద్దు. తలుపు తీసినప్పుడల్లా కదిలిపోతుంది. వరదల్లో ఎర్రనీరు బిందెలో పట్టి ఇండుప గింజ అరగదీసి వేసి తేరనిచ్చేవాళ్లు మన పెద్దవాళ్లు. ఇదీ అంతే, కాకపోతే గింజ లేదు. ఓపికే గింజ.

ఆ రాత్రి భోజనానికి ముప్పావు గంట ముందు బయటికి తీయండి. ఫ్రిజ్‌లో ఉండే నాలుగు డిగ్రీల నుంచి అది 14, 15కి వస్తుంది. పుస్తకాల్లో 'గది వేడిలో వడ్డించాలి' అని రాస్తారు. అది చలిదేశపు రాతిగదుల మాట. పాత ఎర్ర వైన్‌కి 16 నుంచి 18 బాగుంటుంది. మన గదిలో గ్లాసులో పోశాక పది నిమిషాల్లో ఆ రెండు మూడు డిగ్రీలూ అదే ఎక్కుతుంది. అందుకే కొంచెం చల్లగా ఉండగానే మొదలుపెట్టాలి, గ్లాసులో కొంచెం కొంచెమే పోయాలి.

విప్పడం, వంచడం

పదిహేనేళ్లు దాటిన బిరడా నానిన రస్కులా ఉంటుంది. మర ఓపెనర్‌ని మధ్యలోకి నెమ్మదిగా, చివరికంటా దించి, తిప్పకుండా నిటారుగా లాగండి. రెండు పలకలు ఉండే ఓపెనర్ కూడా దొరుకుతుంది. ఆ పలకల్ని బిరడాకీ గాజుకీ మధ్య ఊపుతూ దించి తిప్పుతూ లాగాలి. పాత బిరడాలకి అదే మంచిది. విరిగి లోపల పడిందా, టెన్షన్ పడకండి. ఉతికి, మంచినీళ్లలో జాడించి పిండిన పలచటి నూలు గుడ్డలో వడకట్టేయండి. సబ్బు వాసన ఉంటే మాత్రం గుడ్డ మార్చండి.

వంచడానికి ఒక గాజు జగ్గు చాలు. సెల్‌ఫోన్ టార్చి వేసి బల్ల మీద పెట్టి, సీసా మెడ ఆ వెలుగు మీదుగా వచ్చేలా పట్టుకుని, ఆపకుండా సన్నటి ధారగా వంచండి. నెయ్యి కాచాక అడుగు కదలకుండా పైది వంచుకునే చెయ్యి మీ ఇంట్లో ఎవరిదో ఒకరిది ఉంటుంది, వాళ్లకే ఇవ్వండి. మా ఇంట్లో ఆ పని మా ఆవిడదే. మెడలో పొగలాగా మడ్డి కనిపించగానే ఆపేయాలి. రెండు వేళ్లంత అడుగున మిగిలిపోతుంది, పోనీండి.

వంచాక గంటలకొద్దీ గాలికి ఉంచొద్దు. కుర్ర వైన్‌కి గాలి మంచిది. బాగా పాతది అరగంట, గంటలోనే తేలిపోతుంది. అన్నం వార్చాకే వైన్ వంచాలి అని గుర్తుపెట్టుకోండి.

రుచి చూడడం

గ్లాసులో మూడో వంతు పోసి తెల్ల కాగితం మీద వాల్చి చూడండి. పాత ఎర్ర వైన్ అంచు ఇటుక రంగుకి వస్తుంది. తెల్లది తేనె రంగుకి వస్తుంది. తర్వాత గ్లాసు తిప్పకుండానే ఒకసారి వాసన చూడండి, ఎందుకంటే సున్నితమైన వాసనలు మొదట్లోనే ఉండి పోతాయి. అప్పుడు తిప్పి మళ్లీ చూడండి.

ఇంగ్లీషు పుస్తకాల్లో సిగార్ పెట్టె, అడవి నేల అని వాసనలు రాస్తారు. మనకి అంత దూరం పోనక్కర్లేదు. లంక పొగాకు ఆరబెట్టిన పాకలో వాసన తెలుసా? పాత రియోహాలో అది దొరుకుతుంది. అదే రియోహాలో కురిడీ కొబ్బరి వాసన కూడా వస్తుంది, భ్రమ కాదు. అక్కడ సంప్రదాయంగా అమెరికా ఓక్ పీపాలు వాడతారు, ఆ చెక్కలో కొబ్బరిని తలపించే పదార్థం ఉంది. అంబాజీపేట వైపు వాళ్లు నాకన్నా ముందే పట్టేస్తారు. తొలకరి పడ్డ మట్టి, పుట్టగొడుగులు, ఎండు ఖర్జూరం, తోలు చెప్పులు, ఏది గుర్తొస్తే అది పైకి అనండి. తప్పొప్పులు లేవు.

రెండు హెచ్చరికలు. తుపానులో తడిసి ఆరిన పాత పుస్తకాల వాసన గట్టిగా వస్తే బిరడా వల్ల చెడిందని అర్థం, ఎంతసేపు ఉంచినా బాగుపడదు. పాత రీస్లింగ్‌లో కిరసనాయిలు వాసన వస్తే మాత్రం పారబోయకండి! అది ఆ ద్రాక్ష స్వభావం. వయసు మీద పడే కొద్దీ పెరుగుతుంది, దాని కోసమే వెతికి కొనేవాళ్లున్నారు. మొదటిసారి నేను లాంతరు పక్కన కూర్చున్నానా అనుకున్నాను.

అప్పుడు ఒక గుక్క. వెంటనే మింగకుండా నోరంతా తిప్పండి. దవడల పక్క నీళ్లూరితే పులుపు బతికుందన్నమాట. చిగుళ్లు ఎంత పట్టాయో చూడండి. మింగాక రుచి ఎంతసేపు నిలుస్తుందో మనసులో లెక్కపెట్టండి. మంచి పాత వైన్ పదిహేను, ఇరవై దాకా నిలుస్తుంది.

ఇక వంట

అసలు చిక్కంతా ఇక్కడే. గోదారి వంట అంటే చింతపండు, మిరప, ఆవ. ఈ మూడూ పాత వైన్‌కి పడవు.

కూర పులుపు వైన్ పులుపుని మించితే వైన్ చప్పగా, నీళ్లలా అయిపోతుంది. మిరప మంటని ఆల్కహాల్ ఎగదోస్తుంది. ఆవ ఘాటు ముక్కుకెక్కితే ఇందాక చెప్పిన పొగాకూ కొబ్బరీ ఏవీ అందవు. ఆవకాయలో పులుపు, కారం, ఆవ మూడూ ఉన్నాయి, పైన ఉప్పు కూడా. కాబట్టి ఆ రాత్రి వైన్ అయ్యేదాకా జాడీ బల్ల మీదికి రాకూడదు. ఇంట్లో పెద్దవాళ్లు నొచ్చుకుంటారు, నచ్చజెప్పుకోండి.

అలా అని గోదారి వంట మానేసి పాస్తా చేయనక్కర్లేదు. పులుసులు మాని ఇగుర్లు, వేపుళ్లు, ముద్దకూరలు చేస్తే చాలు. సీసా చుట్టం, వంటిల్లు ఆ ఒక్క పూట దానికోసం సర్దుకోవాలి.

రియోహాకి వేట మాంసాన్ని మించింది లేదు. స్పెయిన్‌లోనూ దాన్ని గొర్రె మాంసంతోనే తాగుతారు. గోంగూర వేయకండి, టమాటా కూడా వద్దు. అర కేజీకి రెండు ఉల్లిపాయలు బాగా ఎర్రగా వేయించి, ధనియాలు, గసగసాలు, ఎండుకొబ్బరి, రెండు లవంగాలు, చిన్న చెక్క నూరిన ముద్ద వేసి, మామూలుగా వేసే కారంలో మూడో వంతు వేసి నీళ్లు ఇగిరిపోయేదాకా సన్న సెగ మీద ఉంచండి. ఎండుకొబ్బరి వేయడం మర్చిపోవద్దు. పీపా కొబ్బరీ కూర కొబ్బరీ ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. నాటుకోడి ఇగురుకీ ఇదే లెక్క. ఉప్పు సరిగ్గా పడాలి, ఉప్పు వైన్‌లో మిగిలిన వగరుని మెత్తబరుస్తుంది.

శాకాహారులకి ఏమీ లేదనుకోకండి. నాకైతే పాత ఎర్ర వైన్‌తో అన్నిటికన్నా నచ్చింది వేడన్నంలో ముద్దపప్పు, నెయ్యి. వింటే నవ్వుతారు, తిని చూడండి. ఆ పప్పుకి పులుపు లేదు, కారం లేదు, వైన్‌కి ఎదురుచెప్పేది ఏదీ లేదు. పక్కన కరకరలాడే కంద వేపుడు, మిరియాలతో పుట్టగొడుగుల వేపుడు. గుత్తివంకాయ చేస్తే చింతపండు లేకుండా కొబ్బరి, నువ్వులు, వేరుశెనగలతో కూరండి. పనసపొట్టు కూర ఆవ పెట్టకుండా చేసి మా అత్తయ్యగారికి పెడితే "ఇది పనసపొట్టు కూర కాదండీ" అన్నారు. ఆవిడ మాటా నిజమే. ఆ కూరని ఇంకో రోజుకి వదిలేయండి.

రొయ్యలు, పీతలు ఉంటే ఎర్రది పక్కన పెట్టి పాత రీస్లింగ్ తీయండి. ష్పేట్‌లేజేలో ఆల్కహాల్ తక్కువ, ఎనిమిది తొమ్మిది శాతం ఉంటుంది. కొంచెం తీపి, దానికి తగ్గ పులుపు. అందుకే కాస్త కారాన్ని ఓర్చుకోగలిగింది ఇదొక్కటే. రొయ్యల ఇగురు, కొబ్బరిపాల అన్నం చాలా బాగా కుదురుతాయి. పీత మాంసంలో ఉండే తీపికీ దీనికీ సరిపోతుంది, కాకపోతే పీత తింటూ గ్లాసు పట్టుకోవడం కష్టం. కుడి చెయ్యి కూరలో ఉంటుంది కాబట్టి గ్లాసు కాడని ఎడమ చేత్తో పట్టుకోవడం అలవాటు చేసుకోండి.

పులస సంగతి మొదట్లో చెప్పాను. పులస కొవ్వు చేప. ఎర్ర వైన్‌లో సహజంగా ఉండే కొద్దిపాటి ఇనుము చేప కొవ్వుతో కలిసి నీచు, లోహపు రుచి తెస్తుంది. మా పిన్ని అన్న ఇనప మూకుడు అదే, ఆవిడ నాలుక అబద్ధం చెప్పలేదు. దానికి తోడు చింతపండు. సముద్రం నుంచి ఎదురీదుకుంటూ గోదారిలోకి వచ్చిన చేప, కుండలో వండి మర్నాటికి గానీ రుచికి రాని పులుసు, దానికి ఇంకో తోడు ఎందుకు? పులస రోజున సీసా విప్పకండి.

వడ్డన

మనం అన్నీ ఒకేసారి వడ్డించుకుని కలుపుకుని తింటాం. ఆ రాత్రి మాత్రం విడతలుగా పెట్టండి. ముందు వేయించిన మోరి జీడిపప్పు, ఏదైనా వేపుడుతో మొదటి గ్లాసు. తర్వాత అన్నం, ఇగురు. పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి వైన్ అయిపోవాలి. 750 మిల్లీలీటర్ల సీసా ఏడెనిమిది మందికి రుచి చూడ్డానికి సరిపోతుంది, తలా వంద మిల్లీలీటర్ల లోపే వస్తుంది. పక్కన మంచినీళ్లు పెట్టండి. మందులు వాడేవాళ్లని బలవంతపెట్టొద్దు. రాత్రిపూట కాలవ గట్టు మీద బండి నడిపేవాడికి గ్లాసు ఇవ్వనే వద్దు.

తీపితో ఒకటే నియమం: వైన్ మిఠాయి కన్నా తియ్యగా ఉండాలి. లేకపోతే వైన్ పుల్లగా, చేదుగా తగులుతుంది. కాకినాడ కాజా నోట్లో వేసుకోగానే పాకం చిమ్ముతుంది, దాని ముందు ఏ వైనూ నిలవదు. ఆత్రేయపురం పూతరేకులు అలా కాదు. బెల్లం, నెయ్యి, జీడిపప్పు వేసినవి తీసుకోండి, చక్కెరవి వద్దు. వాటితో 20 ఏళ్ల టానీ పోర్ట్ గానీ, మదీరాలో 'బువాల్' అనే తియ్యని రకం గానీ చల్లగా చిన్న గ్లాసుల్లో ఇవ్వండి. వేయించిన పప్పుల వాసన, కాల్చిన చక్కెర వాసన ఇందులో ఉంటాయి. రేకు కరిగిపోయాక నోట్లో మిగిలే బెల్లంతో అవి కలిసిపోతాయి. అరిసెలతోనూ బాగుంటుంది.

మిగిలితే

పాత ఎర్ర వైన్ మర్నాటికి ఉండదు, ఆ రాత్రే పూర్తి చేయండి. రీస్లింగ్ మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే రెండు మూడు రోజులు ఆగుతుంది. టానీ పోర్ట్ కొన్ని వారాలు ఉంటుంది.

మదీరా కథ వేరు. అట్లాంటిక్‌లో మదీరా అనే దీవి దగ్గర ఆగి మన దేశం వైపు వచ్చే ఓడల్లో ఎక్కించిన పీపాలు, వేడి సముద్రాలు దాటి వెనక్కి వెళ్లేసరికి వైన్ చెడిపోకపోగా బాగుపడిందట. అప్పటి నుంచి దాన్ని కావాలనే వేడిచేస్తారు. కొన్ని రకాల్ని 45, 50 డిగ్రీల దగ్గర మూడు నెలలు ఉంచుతారు, మంచి వాటిని ఎండ తగిలే అటకల మీద పీపాల్లో ఏళ్లతరబడి పెడతారు. ఇక మన మే నెల దాన్నేం చేస్తుంది? విప్పిన సీసా కూడా నెలల తరబడి నిలుస్తుంది. మా ఇంట్లో ఇప్పుడు సగం అయిన మదీరా సీసా ఒకటి ఆ పాత బీరువాలోనే, బట్టల వెనకే ఉంది.